అడయారు ఆస్పత్రి బోర్డు మీది మూడక్షరాలు

(వడమాలపేటలో జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు నకారా గారి కేసు చెప్పుకోవడం ఆనవాయితీ. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, అది ఉద్యోగి హక్కని తీర్పు చెప్పింది. ఆ సంగతి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు గనుక నేను మళ్లీ చెప్పను. కార్యదర్శి గారు నన్ను స్త్రీల సంఘాల చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ రోజుల్లో మన పల్లెల్లో "సంఘం" అంటే డ్వాక్రా సంఘమే. లోను ఎంత, వాయిదా ఎప్పుడు అన్నదే అక్కడ చర్చ. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని నేను చెప్పబోయేది దానికి చాలా పూర్వపుది, వందేళ్లు దాటినది.

మనలో చాలామంది పుత్తూరులో సప్తగిరి ఎక్కి మద్రాసు వెళ్లి, అక్కడినించి అడయారు క్యాన్సర్ ఆస్పత్రికి పోయినవాళ్లమే. మనకోసం కాకపోతే బంధువుల కోసం. ఆ ఆస్పత్రి పేరు చివర డబ్ల్యు.ఐ.ఎ. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఏదో ట్రస్టు పేరు అయివుంటుందనుకుని చీటీ కోసం వరుసలో నిలబడతాము. ఆ మూడక్షరాలకు అర్థం ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్. భారత మహిళా సంఘం అని చెప్పుకోవచ్చు. 1917 మే 8వ తేదీన అడయారులో పుట్టింది. దాని వేరు మాత్రం అడయారులో లేదు, మన మదనపల్లెలో ఉంది.

సంఘ సంస్కరణ అనగానే మనవాళ్లు రాజమండ్రి పేరెత్తుతారు. వీరేశలింగం పంతులు గారు మహానుభావులు, సందేహం లేదు. కాని దక్షిణ రాయలసీమకు ఈ విషయంలో చెప్పుకోదగ్గది ఏమీ లేనట్టు మనమే తలవంచుకుని కూర్చోవడం నాకు నచ్చదు. అందుకే మదనపల్లె సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాల ఏర్పడింది. అదే తర్వాత బిసెంటు థియోసాఫికల్ కాలేజీ. ఆ సంవత్సరమే ఐర్లండు దేశం నుంచి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ మన దేశం వచ్చారు. జేమ్స్ గారు మొదట మద్రాసులో అనీబిసెంట్ గారి న్యూ ఇండియా పత్రికలో పనిచేశారు. 1916లో ఐర్లండులో ఈస్టరు తిరుగుబాటు జరిగింది. ఆ తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు ఆయన పత్రిక వదలవలసి వచ్చింది. బిసెంట్ గారే ఆయనను మదనపల్లె కళాశాలకు పంపారు. ఇప్పటి మాటల్లో ఒక రకంగా పనిష్మెంటు ట్రాన్స్‌ఫరు అనుకోండి. మనకు మాత్రం మేలే జరిగింది.

మార్గరెట్ గారు సంగీతంలో పట్టభద్రురాలు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమనకు స్వరం రాసిపెట్టింది ఈమే. అది మీకందరికీ తెలిసిన విషయం, బడిపిల్లలు కూడా చెబుతారు. అంతగా చెప్పుకోనిది ఆమె అంతకుముందు జీవితం. ఐర్లండులో స్త్రీలకు ఓటు హక్కు కోసం 1908లో సంఘం పెట్టినవారిలో ఆమె ఒకరు. ఆ పోరాటంలో కిటికీ అద్దాలు పగలగొట్టి 1910లో లండనులో ఒకసారి, 1913లో ఐర్లండులో ఇంకోసారి జైలుకు వెళ్లారు. అటువంటి మనిషి 1916లో మదనపల్లె ఆడవాళ్లను కూడగట్టి ఒక సమాజం మొదలుపెట్టారు. దాని పేరు అబలాభివర్ధినీ సమాజం. రెండుసార్లు జైలుకు పోయి వచ్చినామె నడిపిన సంఘానికి "అబల" అని పేరు! ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. అయితే ఆ కాలంలో ఆ పేరుంటేనే ఇంట్లో మగవాళ్లు గడప దాటనిస్తారేమో, అదీ ఆలోచించాలి.

ఇటువంటి సమాజాలు ఊరూరా ఉండాలన్న ఉద్దేశంతో మరుసటి ఏడాది డొరతీ జినరాజదాస గారు, మార్గరెట్ గారు, మరికొందరు భారతీయ స్త్రీలు కలిసి అడయారులో సంఘం స్థాపించారు. అనీబిసెంట్ గారు మొదటి అధ్యక్షురాలు. మొదటి ఏడాదికే 33 శాఖలు, అయిదేళ్లలో 43 శాఖలు, 2300 మంది సభ్యులు అయ్యారు. శాఖల్లో అక్షరాలు నేర్పేవారు, కుట్టుపని, ప్రథమ చికిత్స నేర్పేవారు, ఉపన్యాసాలు పెట్టేవారు. 1918 నుంచి స్త్రీ ధర్మ అనే పత్రిక నడిపారు. అది ముఖ్యంగా ఇంగ్లీషు పత్రికే అయినా తమిళ, తెలుగు వ్యాసాలకు కూడా చోటిచ్చింది.

ఇంతవరకు మామూలు మహిళా సమాజమే. దాన్ని వేరే దారిలోకి తిప్పింది ఒక కాగితం. గుమాస్తా పని చేసినవాణ్ణి కనుక ఈ భాగం నాకు చాలా ఇష్టం.

1917 చివర ఇండియా మంత్రి మాంటేగు గారు రాజ్యాంగ సంస్కరణల విచారణ కోసం మన దేశం వచ్చారు. ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకోవడానికి స్త్రీల రాయబారం ఒకటి ఆయన్ను కలుస్తుందని మార్గరెట్ గారు అర్జీ పెట్టారు. రాజకీయ విషయాల మీద వచ్చే వారికి మాత్రమే దర్శనం అని జవాబు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, అర్జీ ఈ సెక్షనుకు సంబంధించినది కాదని తిప్పి పంపారు. ఆమె ఏం చేశారు? విషయం మార్చి మళ్లీ దాఖలు చేశారు. చదువు, వైద్యంతో పాటు స్త్రీలకు ఓటు హక్కు అన్నది చేర్చారు. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు గారి నాయకత్వాన 14 మంది స్త్రీలు మద్రాసులో మాంటేగు గారిని కలిశారు. దేశంలో స్త్రీల ఓటు హక్కు ప్రభుత్వ ఫైలులో నమోదైంది అప్పుడు. సబ్జెక్టు కాలం సరిగ్గా నింపడం ఎంత ముఖ్యమో నా కింద పనిచేసిన పిల్లలకు ఈ కథే చెప్పేవాణ్ణి.

వెంటనే ఏమీ కాలేదు. ఓటు హక్కుల విచారణకు వేసిన సౌత్‌బరో కమిటీ, స్త్రీలకు ఓటు ఇప్పుడే వద్దని తేల్చింది. సరోజినీ నాయుడు, అనీబిసెంట్ వంటివారు లండను దాకా వెళ్లి వాదించారు. చివరకు 1919 చట్టంలో, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకోవచ్చని వదిలిపెట్టారు. 1921 ఏప్రిల్‌లో మద్రాసు శాసనమండలి తీర్మానం చేసింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాల్లో స్త్రీలకు ఓటు ఇచ్చిన మొదటి రాష్ట్రం మన పాత మద్రాసు రాష్ట్రమే. అప్పుడు మన చిత్తూరు జిల్లా అందులోనిదే.

అయితే ఆ ఓటు ఎవరికి? పట్టా ఎవరి పేరున ఉంటే వారికి, పన్ను ఎవరు కడితే వారికి. మగవాళ్లకూ అదే నియమం. కాని మన ఊళ్లలో ఆడమనిషి పేరున పట్టా ఎక్కడుండేది? చట్టం తలుపు తీసింది, లోపలికి పోదామంటే అడంగల్‌లో పేరు లేదు. అందుచేత ఓటు వచ్చినా వేసినవాళ్లు బహుకొద్దిమంది. 1930ల్లో, ఆస్తిపరుల భార్యలకు ఓటు ఇస్తామని ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. ఈ సంఘం, మరి రెండు పెద్ద మహిళా సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. మొగుడి ఆస్తిని బట్టి వచ్చే ఓటు మాకెందుకు, వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఇవ్వండి అన్నారు. 1935 చట్టంలో ప్రభుత్వం తన మాటే నెగ్గించుకుంది. వాళ్లడిగింది 1950లో రాజ్యాంగంతో గాని రాలేదు.

రాజ్యాంగం వచ్చిన తర్వాత కూడా ఇంకొక తమాషా ఉంది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల జాబితా తయారు చేసేటప్పుడు దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించారు. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు అలా కుదరదన్నారు. సొంత పేరు ఇవ్వనందున దాదాపు 28 లక్షల మంది పేర్లు తీసివేయవలసి వచ్చింది. దయలేని పని అని అప్పట్లో అన్నవారున్నారు. నా దృష్టిలో అది సరైన పని. అలా చేయబట్టే తర్వాతి ఎన్నికలకు పేర్లు బయటికి వచ్చాయి.

మన వైపు ఆ ఇబ్బంది అంతగా లేదు, ఇంకోటి ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓటర్ల జాబితా పనికి ఇంటింటికీ తిరిగేవాళ్లం. ఆడమనిషి తన పేరు చెప్పేది, భర్త పేరు అడిగితే నోరు విప్పేది కాదు. మొగుడి పేరు చెబితే ఆయుక్షీణం అని నమ్మకం. పక్కింటామెను పిలిచి చెప్పించేది, లేకపోతే "శనివారం దేవుడి పేరే సార్" అని సైగ చేసేది. అంటే వెంకటేశ్వర్లు అని మేం రాసుకోవాలి. అది వెంకటరమణా, శ్రీనివాసులా, తిరుమలయ్యా అని మళ్లీ తేల్చుకోవాలి. తిరుపతి చుట్టుపక్కల ఊళ్లలో ఈ క్లూతో పని జరగదు, సగం ఊరు ఆ దేవుడి పేరే!

మళ్లీ సంఘం దగ్గరికి వస్తాను. ఓటు తర్వాత వాళ్ల పనికి బలం ఇచ్చింది డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు. పుదుక్కోట సంస్థానంలో 1886లో పుట్టి, 1912లో మద్రాసులో వైద్యపట్టా పుచ్చుకున్నారు. సంఘం వారి ప్రోద్బలంతో ఆమె శాసనమండలికి నియమితులై, దానికి ఉపాధ్యక్షురాలయ్యారు. బాల్యవివాహాల మీద ఆమె, ఆమె సంఘం గట్టిగా పనిచేశారు. 1929లో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలి. ఆ తేదీ లోపలే కానిచ్చేయాలని దేశమంతటా పెళ్లిళ్లు జరిపించేశారు. మా పెద్దమ్మ పెళ్లి ఆ తొందర్లోదే. "నన్ను సారదా యాక్టుకు భయపడి ఇచ్చేసినారు" అని చివరిదాకా చెప్పేది. చట్టం రాకముందే దాని దెబ్బ తగిలిన పిల్ల ఆమె.

ఇక దేవదాసీల విషయం. దీన్ని రెవెన్యూ లెక్కల వైపు నుంచి చూసినవారు తక్కువ, అందుకని చెబుతాను. గుడిలో సేవ చేసే దేవదాసికి ఇనాం భూమి ఉండేది. సేవ మానితే భూమి పోతుంది. భూమి పోతుందనే భయంతో ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్లను గుడికి అప్పగించేవారు. ఊరికే "ఈ ఆచారం పాపం" అని తీర్మానం చేస్తే ఆ పిల్ల అన్నం మాటేమిటి? ముత్తులక్ష్మీరెడ్డి గారు తెచ్చిన 1929 సవరణ ఆ ముడిని పట్టుకుంది. సేవతో నిమిత్తం లేకుండా ఇనాం భూమి ఆమెకు దక్కేటట్టు ఏర్పాటు చేసింది. పూర్తి నిషేధం 1947లో వచ్చింది. దేవదాసీల్లోనే ఒక వర్గం ఈ చట్టాలను వ్యతిరేకించింది. మా విద్య, మా గౌరవం ఏం కావాలని వారు మద్రాసు ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. నాట్యం పెద్దింటి పిల్లల అరంగేట్రాల్లోకి వెళ్లింది, దాన్ని కాపాడినవాళ్ల పేర్లు మరుగున పడ్డాయి.

దీనికన్నా నన్ను బాధించేది మన కళ్లెదుటిది. ఆ చట్టం పెద్ద గుడి వాకిలి దగ్గరే ఆగింది. దళితవాడ చివర ఉన్న మాతమ్మ గుడిదాకా రాలేదు. పిల్లకు జబ్బు చేస్తే మాతమ్మకు ఇచ్చేస్తామని మొక్కుకోవడం, నయమయ్యాక తాళి కట్టి వదిలేయడం, ఆ తర్వాత ఆమె ఎవరికీ భార్య కాకపోవడం మన తూర్పు మండలాల్లో ఎవరికి తెలియదు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో తన చట్టం తాను చేసింది. 2017లో కూడా జాతీయ మానవ హక్కుల కమిషను ఈ మాతమ్మ ఆచారం విషయమై మన రాష్ట్రానికి, తమిళనాడుకు నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. మాతమ్మ బిడ్డను బడిలో చేర్చేటప్పుడు, కుల ధ్రువపత్రానికి వచ్చినప్పుడు, "తండ్రి పేరు" అనే గడి దగ్గర ఆ తల్లి కలం పట్టుకుని నిలబడిపోవడం నేను కౌంటరు ఇవతలినుంచి చూశాను. వెనక వరుసలో వాళ్లు తొందరపెడుతుంటారు. 1929లో దేవదాసికి కనీసం ఇనాం రిజిస్టరులో పేరుంది, దాన్ని పట్టుకుని చట్టం చేయగలిగారు. ఈమెకు ఏ రిజిస్టరులోనూ జాగా లేదు. అడయారు పెద్దలు గొప్పవాళ్లే. కాని చదువుకున్న ఇళ్లనుంచి వచ్చిన వారి చూపు ఇంత కిందకు ఆనలేదని నా అభిప్రాయం.

మార్గరెట్ గారి మిగతా కథ త్వరగా ముగిస్తాను. 1920ల మొదట్లో ఆమె సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా కూర్చున్నారు. దేశంలో మేజిస్ట్రేటు అయిన మొదటి స్త్రీ ఆమె. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ ఏర్పడడానికి కారకురాలు ఆమే. 1932 చివర, ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఏడాది శిక్ష వేసి వెల్లూరు జైలులో పెట్టారు. అది ఆమెకు మూడో జైలు, మన చిత్తూరుకు పక్కనే. భారత స్త్రీలు నిలదొక్కుకున్నాక నాయకత్వం వారికి వదిలి ఆమె పక్కకు తప్పుకున్నారు. సంఘాల్లో ఇది అందరికీ చాతనయ్యే పని కాదు, మనందరం చూస్తూనే ఉన్నాం. తర్వాత పక్షవాతం వచ్చింది. 1954 మార్చి 11న అడయారులోనే కన్నుమూశారు.

ఆ 1954లోనే క్యాన్సర్ ఆస్పత్రి తెరిచారు. ముత్తులక్ష్మీరెడ్డి గారి చెల్లెలు క్యాన్సరుతో చిన్నవయసులో చనిపోయింది. ఆ దుఃఖం ఆమె మరిచిపోలేదు. సంఘం తరఫున క్యాన్సరు సహాయనిధి పెట్టి చందాలు పోగుచేశారు. 1952లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. పన్నెండు పడకలతో మొదలైంది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు, 1955లో చేరిన డాక్టర్ శాంత గారు దానికే జీవితాలు ధారపోశారు. శాంత గారికి 2005లో మెగసెసే బహుమతి వచ్చింది, 2021 జనవరిలో చనిపోయారు. మదనపల్లెలో "అబల" అని పేరు పెట్టుకున్న సమాజం వంశంలో ఇదీ ఒకటి.

ఇంత పాత చరిత్ర పింఛనుదారుల సభలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నేను ఈ సంఘం చేసిన పనంతా కలిపి చూస్తే నాకు కనిపించేది ఒకటే. ఆడవాళ్ల పేరు సర్కారు పుస్తకాల్లోకి ఎక్కించడం. ఓటర్ల జాబితా కావచ్చు, శాసనమండలి హాజరుపట్టీ కావచ్చు, ఇనాం రిజిస్టరు కావచ్చు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చే చట్టం వచ్చింది. దేశమంతటికీ 2005లో గాని రాలేదు. ఆ చట్టం వచ్చాక కూడా భాగపరిష్కారం దస్తావేజుల్లో "మా చెల్లెళ్లు తమ వాటా ఇష్టపూర్వకంగా వదులుకున్నారు" అన్న వాక్యం ఎన్ని చోట్ల చదివానో లెక్కలేదు. ఇష్టపూర్వకంగా!

సరే, ఊరి సంగతి వదలండి, మన సంగతి చూద్దాం. మనం పోయాక మన ఇంటి ఆడవారికి మిగిలేది కుటుంబ పింఛను. అది ఆమె పేరు మీద ఆధారపడినది. మన తరంలో ఆడవాళ్లకు పుట్టింట్లో పెట్టిన పేరొకటి, అత్తింట్లో పిలిచే పేరొకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వీసు రిజిస్టరులో మనం పిలిచే పేరు రాయించాం. ఆధారులో ఆమె తన అసలు పేరు చెప్పింది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందుకు వచ్చింది. మూడు కాగితాల్లో ముగ్గురు ఆడవాళ్లు! మనకు తెలిసిన ఒక అటెండరు గారు కాలం చేశాక, ఆయన భార్య ఇద్దరూ ఒకరే అని రుజువు చేసుకోవడానికి దాదాపు ఏడాదిపాటు ఒక ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది. ముప్పై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి, నేను ఆయన భార్యనే అని అఫిడవిట్లు పెట్టుకుంది. ఆ ఏడాదీ ఆమె మందులకు కూతురు దగ్గర చెయ్యి చాచింది.

ఇందులో ఒకరిని తిట్టి ప్రయోజనం లేదు. పింఛనుదారు బతికుండగా ఈ దిద్దుబాటు సులువు, పోయిన తర్వాత కష్టం. సంక్రాంతి తర్వాత ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు నేను, మరో ఇద్దరు మిత్రులు మన సంఘం గదిలో కూర్చుంటాము. పి.పి.ఓ. నకలు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట, ఈ మూడూ తెచ్చుకోండి. తేడా ఉంటే అర్జీ రాసి పెడతాం. ఫీజు లేదు, టీ కూడా ఇస్తాం. ఒక్కటే షరతు. అమ్మగారిని వెంటబెట్టుకుని రండి. అసలు పేరేమిటో, ఎలా రాయాలో ఆమెనే అడిగి రాసుకుంటాము.